నంది కొండ కింద మూడు షార్డొనే సీసాలు

మా అనంతపురంలో ‘వైన్స్’ అని బోర్డున్న చోట బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ దొరుకుతాయి, వైన్ తప్ప. గట్టిగా అడిగితే పై అరలోంచి దుమ్ము దులిపి తియ్యటి రెడ్ వైన్ ఒకటి దించుతారు. మాకు కావలసింది షార్డొనే, అదే పేరున్న ద్రాక్షతో చేసే వైట్ వైన్. దానికి నలుగురం కారేసుకుని కర్ణాటక వైపు పోయాం. కొని తెచ్చుకోవడానికి కాదు. అక్కడి సీసా కొడికొండ చెక్‌పోస్టు దాటించి ఆంధ్రలోకి తెస్తే ఎక్సైజ్ కేసు. వైన్ మన భోజనం దగ్గరికి రాదు కాబట్టి భోజనాన్నే మోసుకుపోయాం: క్యారియర్‌లో నాటుకోడి పులుసు, సంగటికి రాగిపిండి, ఉగ్గానికి బొరుగులు, బజ్జీలకు శనగపిండి, గోంగూర, కందిపప్పు, నెయ్యి, ఓ డజను ఓళిగలు. నంది కొండ కింద వంటిల్లున్న గది ఒక రాత్రికి తీసుకున్నాం. తాగి బండి నడిపే పని ఉండకూడదని మొదటే అనుకున్న మాట.

పొద్దున ఐదున్నరకు బయల్దేరితే రాప్తాడు, పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి. చిక్కబళ్లాపురం దాకా బోర్డులు కన్నడం, మాటలు తెలుగు. ఎండాకాలంలో పోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: కొన్న సీసాను ఎండలో ఆపిన కారు డిక్కీలో వదలకూడదు. లోపలి వేడికి వైన్ ఉబ్బి కార్క్‌ను పైకి తోస్తుంది, పళ్ల వాసన పోయి ఉడికించిన జామ్ వాసన మిగులుతుంది. అందుకే థర్మకోల్ పెట్టె వెంట తీసుకుపోయాం.

దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ అనే వైన్ కంపెనీ వాళ్ల ద్రాక్షతోటలు చూశాం. మా జిల్లా వాళ్లకు ద్రాక్ష కొత్త కాదు గానీ, మనం తినే కాయ వేరు, వైన్ కాయ వేరు. అది చిన్నది, తోలు మందం, గింజలుంటాయి. షార్డొనే త్వరగా పండే రకం. వేడి ఎక్కువైతే తీపి పెరిగి పులుపు జారిపోతుంది, వైన్ చప్పగా తయారవుతుంది. పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడే నేల కావాలనేది అందుకే.

అక్కడినుంచి యెలహంకలో ఒక పెద్ద షాపుకు పోయాం. సీసాకు 1,500 దాటకూడదన్నది బడ్జెట్. లెక్క ఇట్లా: 750 మి.లీ. సీసాలో 150 మి.లీ. గ్లాసులు ఐదొస్తాయి. వెయ్యి రూపాయల సీసా అంటే గ్లాసు రెండొందలు.

ఈ లెక్క పక్కన పన్నుల లెక్క కూడా పెట్టుకోవాలి. విదేశీ వైన్‌పై మామూలుగా కస్టమ్స్ సుంకం 150 శాతం, దాని మీద రాష్ట్రం పన్ను. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చాక, అక్కడి సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటితే సుంకం 100 శాతానికి దిగింది, ఏటా ఇంకొంత తగ్గేలా రాసుకున్నారు. ఏం చెప్పినా, 1,500 పెట్టి కొనే విదేశీ సీసాలో వైన్‌కు పోయే వాటా చిన్నది. అదే దేశీ షార్డొనేలో, మహారాష్ట్ర అక్లూజ్‌లో చేసే ఫ్రాటెల్లి లాంటివాటిలో, డబ్బు ఎక్కువగా సీసాలోకే పోతుంది.

ఇక లేబుల్. ముందువైపు బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పాలి. ‘ఓక్’, ‘బ్యారెల్’ అని రాసుంటే చెక్క పీపాలోనో, చెక్క ముక్కలు వేసో చేసింది. ‘అన్‌ఓక్డ్’ అంటే చెక్క తగలనిది, ఎక్కువగా స్టీల్ ట్యాంకులో చేస్తారు. ఫ్రాన్స్‌లోని బర్గండీలో వాడే పీపా 228 లీటర్లు, కొత్తది చాలా ఖరీదు. కాబట్టి చవక సీసా మీద ఓక్ కనిపిస్తే అది చాలావరకు ముక్కల వాసనే. తర్వాత కోత సంవత్సరం. చవక వైట్ వైన్ ముదిరితే బాగుపడదు, రెండు మూడేళ్ల లోపుదే తీసుకోవాలి. మూత దగ్గర జిగట, పైకి ఉబ్బిన కార్క్, ట్యూబ్‌లైటు కింద ఏళ్లుగా నిలబెట్టిన సీసా, ఇవేవీ వద్దు.

ఇంత తెలిసీ డిస్కౌంట్ చూసి ఒకటి తప్పు కొన్నాం. ఐదేళ్ల పాతది, అసలు ధరలో మూడో వంతు తగ్గింపు. “తీసుకోండన్నా, పాత వైనే కదా, ఇంకా బాగుంటది” అన్నాడు కౌంటర్ మీది అబ్బాయి.

గదికి చేరాక ముందు చల్లబరిచే పని. ఉత్త ఐసు ముక్కల్లో సీసా పెడితే త్వరగా చల్లబడదు, ముక్కల మధ్య గాలే ఉంటుంది గనక. బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు కళ్లుప్పు కలిపి మెడ దాకా ముంచితే పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. చెక్క తగలనిదాన్ని 8, 10 డిగ్రీల దగ్గర తాగాలి. ఓక్‌ది 12 దాకా ఎక్కనియ్యాలి, మరీ చల్లగా ఉంటే చెక్క చేదు తప్ప ఇంకేం తెలీదు.

మొదట తెరిచింది దేశీ సీసా, స్క్రూ మూత, చెక్క తగలనిది. నిమ్మ, పచ్చి యాపిల్ వాసన. దానితో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బజ్జీ కొరికి, ఉప్పూ నూనే నోట్లో ఉండగా ఒక గుక్క తాగితే ఆ పులుపు నూనెను కడిగేసి, మళ్లీ బజ్జీ వైపే చెయ్యి పోయింది. సీసా మూడొంతులు అక్కడే అయిపోయింది.

రెండోది ఆస్ట్రేలియాది, ఓక్‌లో ఉంచింది. మూత తీయగానే వెన్న వాసన. ఇది కవిత్వం కాదు. ద్రాక్షలోని పచ్చి పులుపును బాక్టీరియా మెత్తటి పులుపుగా మార్చేటప్పుడు డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది. పెరుగు చిలికినప్పుడు వెన్నకొచ్చే వాసన కూడా దానిదే. వేడి పప్పన్నంలో నెయ్యి వేసుకుని దీన్ని తాగితే రెండూ ఒక ఇంట్లో పుట్టినట్టున్నాయి. జీడిపప్పు కోర్మాకూ సరిపోతుందనిపించింది.

నాటుకోడి పులుసూ సంగటీ వచ్చేసరికి కథ తిరగబడింది. కారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది, చెక్క చేదును పైకి తెస్తుంది. 1,400 పోసి కొన్న ఆస్ట్రేలియా సీసా గొంతులో మండింది. మిగిలిన పావు దేశీ సీసా మాత్రం చల్లగా దిగింది. గోంగూర పులుపు ముందు రెండూ ఓడిపోయాయి, నీళ్లలాగా చప్పగా తగిలాయి. ఓళిగతో అసలు తాగొద్దు. తీపి తర్వాత తీపి లేని (డ్రై) వైన్ ఏదైనా పులిసిన నిమ్మనీళ్లే.

డిస్కౌంట్ సీసా చివర్లో తెరిచాం. రంగు ముదురు టీ, వాసన కోసి వదిలేసిన యాపిల్‌ది. సింకులో పోశాం. మూడో వంతు తగ్గింపు కాదు, మూడుకు మూడొంతులూ నష్టం.

ఆస్ట్రేలియా సీసాలో మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి వెన్న కొంచెం తగ్గి ఇంకా బాగుంది. మూడు రోజులు నిలుస్తుంది, కానీ మాకు మూడు రోజులు లేవు. బండి నడిపేవాడు వాసన చూసి ఊరుకున్నాడు, మిగతా ముగ్గురం తలా ఒక గుక్కతో ముగించి సీసాలు అక్కడే వదిలేశాం. కొడికొండ దగ్గర డిక్కీ తీయించారు. క్యారియర్లు, సంగటి కట్టె, నాలుగు ఓళిగలు.