ఒకే జేబులో రెండు మాత్రలు

పోయిన ఏడాది ఒక స్నేహితుడు నా చేతిలో మాత్ర పెట్టి, "నేను వాడుతున్నాను, ఏమీ కాదు. ఓ గంట ముందు వేసుకో" అన్నాడు. నాకు 56 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. అంగస్తంభన సరిగా లేక ఏడాదిన్నరగా రాత్రయితే చాలు టెన్షన్. డాక్టరుకు చెప్పుకోవడానికి సిగ్గు. ఆ మాత్ర చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. అదే జేబులో, చిన్న డబ్బాలో, నా గుండె మాత్ర ఉంది. రెండేళ్ల కిందట ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు, మళ్లీ వస్తే నాలుక కింద పెట్టుకోమని రాసిచ్చిన ఐసోసార్బైడ్ డైనైట్రేట్. చాలామందికి సార్బిట్రేట్ అంటే తెలుస్తుంది.

చొక్కా ఉతకడానికి తీస్తూ మా ఆవిడ రెండూ చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "ఏమండీ, గుండె మాత్ర ఉన్నవాళ్లు ఇది వేసుకోవచ్చా? డాక్టర్ని అడిగారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. రెండు మాత్రలూ బల్ల మీద పెట్టాను. డాక్టరు స్నేహితుడిచ్చిన దాన్ని పక్కకు జరిపి, చాలా నెమ్మదిగా చెప్పారు. అది సిల్డెనాఫిల్. గుండె మాత్ర రక్తనాళాలను వదులు చేస్తుంది. సిల్డెనాఫిల్ ఆ వదులును తగ్గనివ్వదు. రెండూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల దాకా, అదే రకం మందు టడలాఫిల్ అయితే 48 గంటల దాకా ఆ గుండె మాత్ర జోలికి పోకూడదట. ఆ రాత్రి నేను అది వేసుకుని, నొప్పి వచ్చి, అలవాటుగా రెండోది నాలుక కింద పెట్టుకుని ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాలకంటే సన్నవి కాబట్టి, పూడుకుపోవడం మొదలైతే తేడా ముందు అక్కడే తెలియవచ్చట. నేను సిగ్గుపడి దాచిన ఏడాదిన్నర, నా ఒళ్లు నాకు కబురు పంపుతూనే ఉందన్నమాట.

గుండె డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు, మందులు మార్చారు, నాలుక కింద మాత్రను పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాతే 25 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్ రాశారు. రోజుకు ఒకటే. పని చేయలేదని రెండోది వేసుకోకూడదు. నూనె, కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం తిని వేసుకుంటే ఆలస్యంగా పని చేస్తుంది, మొదటిసారి నాకు అదే జరిగింది. కోరికను ఇది పుట్టించదు, అది మన మధ్య ఉండాల్సిందే. తలనొప్పి, ముఖం వేడెక్కడం నాకూ వచ్చాయి, కాసేపటికి పోయాయి. స్తంభన 4 గంటలు దాటాక కూడా తగ్గకపోయినా, చూపు లేదా వినికిడి హఠాత్తుగా తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ లాంటివి వాడేవాళ్లు కూడా డాక్టరుకు ముందే చెప్పండి, వాటితోనూ బీపీ పడిపోవచ్చు. "అంతా మూలికలే" అని అమ్మే పొడులనూ నమ్మకండి. అలాంటి వాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి చాలాసార్లు పట్టుబడ్డాయి. పొడి అనుకుని తిన్న మనిషికి గుండె నొప్పి వస్తే ఆసుపత్రిలో ఏం చెప్పగలడు?

ఇప్పుడు నా పర్సులో ఒక చీటీ ఉంటుంది. వాడే మందులన్నీ, సిల్డెనాఫిల్‌తో సహా, అందులో రాసి ఉంటాయి. మాత్ర వేసుకున్న రోజు టైము మా ఆవిడకు చెబుతాను. ఛాతీలో నొప్పి వస్తే అంబులెన్సు వాళ్లకు మొదట ఆ టైమే చెప్పాలని తనకు తెలుసు.