పెదవి మీది రవ్వ పలుకులు

గత ఆగస్టులో ఒక రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాను, చూడు. అమ్మకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు. ఫొటోలో వాడు పై పెదవిని రెండు వేళ్లతో సాగదీసి పట్టుకొని ఉన్నాడు. పెదవి ఎరుపూ మూతి చర్మమూ కలిసే అంచు వెంబడి, చర్మం కింద బొంబాయి రవ్వ చల్లినట్టు లేత పసుపు చుక్కలు వరుసగా కనిపించాయి. నెల రోజులుగా ఎవరికీ చెప్పుకోలేక, రాత్రిళ్లు ఫోన్‌లో వెతుక్కుంటూ, చదివిన ప్రతి జబ్బూ తనకే వచ్చిందనుకుంటూ గడిపాడని వాడి గొంతును బట్టే అర్థమైంది. నాకు ఆ చుక్కలు కొత్త కావు. పంతొమ్మిదేళ్ల వయసులో వాటిని నా పెదవి మీద చూసుకొని నేనూ అంతే భయపడ్డాను. ఆ రాత్రి వాడికి చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

వీటిని ఫోర్డైస్ చుక్కలు అంటారు. 1896లో జాన్ ఆడిసన్ ఫోర్డైస్ అనే అమెరికన్ చర్మవైద్యుడు పెదవుల మీద, నోటి లోపల కనిపించే ఈ చుక్కలను వర్ణించడంతో ఆయన పేరే వీటికి స్థిరపడింది. అంతకు ముందే, 1861లో, కోలికర్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని గమనించాడు. ఫోర్డైస్ పేరుతో మరో రెండు సంగతులు కూడా ఉన్నాయి కాబట్టి, ఇంటర్నెట్‌లో వెతికేవారు తికమకపడకుండా వాటిని ఇక్కడే వేరు చేసి చెప్పడం మంచిది. ఫాక్స్-ఫోర్డైస్ వ్యాధి అనేది ముఖ్యంగా చంకల్లో తీవ్రమైన దురదతో వచ్చే గుల్లలు. అది చెమట గ్రంథులకు సంబంధించినది. ఫోర్డైస్ ఆంజియోకెరటోమాలు వృషణాల సంచి మీద ఎరుపు లేదా ఊదా రంగులో కనిపించే చిన్న రక్తనాళాల బుడిపెలు. నేను రాస్తున్న చుక్కలకు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

అసలు ఇవి ఏమిటో తెలియాలంటే చర్మం నూనెను ఎలా తయారుచేస్తుందో కొంచెం చూడాలి. అరచేతులు, అరికాళ్లు తప్ప దాదాపు ఒళ్లంతా చర్మంలో చిన్న చిన్న నూనె గ్రంథులు ఉంటాయి. గ్రంథిలోని కణాలు కొవ్వును నింపుకొంటూ ఉబ్బి, చివరకు తామే పగిలిపోయి ఆ నూనెలో కలిసిపోతాయి. మామూలుగా ప్రతి గ్రంథీ ఒక వెంట్రుక కుదురును ఆనుకొని ఉంటుంది. నూనె ఆ కుదురులోకి దిగి, వెంట్రుక పక్కగా పైకి వచ్చి చర్మం మీద పరుచుకుంటుంది. పెదవి అంచున, బుగ్గ లోపలి పొరలో వెంట్రుకలు మొలవవు. అయినా అక్కడ కొందరికి ఆ గ్రంథులు మాత్రం ఉంటాయి. తల్లి కడుపులో ముఖం ఏర్పడేటప్పుడు విడివిడిగా పెరిగిన భాగాలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. చర్మానికి చెందిన కొన్ని కణాలు ఆ అతుకుల దగ్గర నోటి వైపు ఉండిపోయి, అక్కడే నూనె గ్రంథులుగా మారుతాయని వైద్యులు చెప్పే వివరణ. అంటే ఇవి పుట్టుకతోనే ఉన్నవి. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి, ఒళ్లంతా ఉన్న నూనె గ్రంథులతో పాటు ఇవి కూడా పెద్దవవుతాయి. అక్కడి పొర పలచన కాబట్టి లోపలి కొవ్వు రంగు బయటికి కనిపిస్తుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇవి కొత్తగా వచ్చాయని నమ్మడానికి కారణం ఇదే.

ఒక్కో చుక్క 1 నుంచి 3 మిల్లీమీటర్లు మించదు. పెద్దవారిలో నూటికి 70 నుంచి 80 మందికి ఇవి ఎక్కడో ఒక చోట ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఇంతమందిలో ఉన్నవాటిని "చోటు తప్పిన గ్రంథులు" అనడం నాకు అంతగా నచ్చదు. కనురెప్పల అంచున ఉండి కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడే గ్రంథులు కూడా వెంట్రుకతో పనిలేని నూనె గ్రంథులే. వాటిని ఎవరూ చోటు తప్పాయని అనరు.

ఇక అసలు భయం గురించి దాచకుండా రాయాలి. ఈ చుక్కలు పెదవుల మీదే కాక మగవారిలో పురుషాంగం మీద, వృషణాల సంచి మీద, ఆడవారిలో జననాంగం పెదవుల మీద కూడా ఉంటాయి. ఆ వయసులో వాటిని అక్కడ చూసుకున్న ఎవరికైనా మొదట తోచేది సుఖవ్యాధి. మా కాలేజీ నుంచి బస్టాండుకు వెళ్లే దారిలో గోడల నిండా గుప్తరోగాల ప్రకటనలు ఉండేవి. వాటిని చదువుకుంటూ నడిచినప్పుడు, ఏ తప్పూ చేయని నాకు కూడా ఏదో శిక్ష పడినట్టు అనిపించేది. ఫోర్డైస్ చుక్కలు సూక్ష్మక్రిముల వల్ల రావు. ముద్దు వల్ల గానీ, లైంగిక సంబంధం వల్ల గానీ, ఒకే గ్లాసుతో నీళ్లు తాగడం వల్ల గానీ ఒకరి నుంచి మరొకరికి అంటవు. క్యాన్సర్‌గా మారతాయన్న భయమూ అక్కర్లేదు. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చాయనుకోవడమూ సరికాదు.

అప్పట్లో నేను చేసిన పని డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా మెడికల్ షాపుకు వెళ్లడం. కౌంటర్ వెనక ఉన్నాయన ఒక క్షణం చూసి ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసిన క్రీమ్ అది. మూడు వారాలు రాశాను. చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి కానీ, మూతి చుట్టూ ఎర్రటి సన్నని గుల్లలు లేచి, పులుపు తగిలితే భగ్గుమనేవి. స్టెరాయిడ్ క్రీమ్‌ను ముఖానికి వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుందని, అలాంటి గుల్లలు వస్తాయని నాకు తర్వాత తెలిసింది. అంతకు ముందు ఒక చుక్కను గోళ్లతో నొక్కాను కూడా. సున్నపు ముద్దలాంటి తెల్లని పదార్థం రవ్వంత బయటికి వచ్చింది, పెదవి రెండు రోజులు వాచింది, ఆ చుక్క మళ్లీ నిండింది. గ్రంథి లోపల అలాగే ఉంటుంది కాబట్టి నొక్కి తీసివేయడం అనేది జరగదు. మా మేనల్లుడు వీడియోలలో చూసి వెల్లుల్లి రుద్దబోయాడట. వెల్లుల్లి, నిమ్మరసం, వంట సోడా, టూత్‌పేస్టు వంటివి పెదవి పొరను కాలుస్తాయి తప్ప గ్రంథిని ఏమీ చేయలేవు.

చివరకు ఆ గుల్లల మంట భరించలేక ఒక ఆసుపత్రి చర్మ విభాగం ఓపీలో కూర్చున్నాను. ఆ డాక్టర్ గారు నా పెదవిని బొటనవేలితో సాగదీసి భూతద్దంలో చూశారు. నొప్పి ఉందా, దురద ఉందా, ఎప్పుడైనా నీరు కారిందా, వచ్చి పోతున్నాయా లేక అలాగే ఉన్నాయా అని అడిగారు. క్రీమ్ ఆపేయమన్నారు. తర్వాత ఆయన మాస్కు దించి, తన కింది పెదవిని మూల దగ్గర బయటికి మడిచి, బుగ్గ లోపలి వైపు చూపించారు. నావాటికంటే ఎక్కువే ఉన్నాయి. "నాకు యాభై రెండేళ్లు బాబూ" అన్నారు. వైద్యుడు తన నోరు తెరిచి రోగికి చూపించడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆయన పట్ల నాకున్న కృతజ్ఞత ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన అడిగిన ప్రశ్నలలోనే పోల్చుకునే పద్ధతి ఉంది. హెర్పిస్ అనే వైరస్ జబ్బు అయితే ముందు చురుకు, మంట మొదలై, నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి, పక్కు కట్టి, సుమారు వారం పది రోజుల్లో మానుతుంది. ఫోర్డైస్ చుక్కలు నెలల తరబడి ఒకేలా ఉంటాయి. నోటిలో వచ్చే ఫంగస్ తెల్లని పూతలా పరుచుకొని, గీకితే చాలావరకు ఊడివస్తుంది. పులిపిర్ల పైభాగం గరుకుగా ఉంటుంది. మొలస్కమ్ అనే వైరస్ బుడిపెకు నడిమధ్యన చిన్న గుంట ఉంటుంది. ఫోర్డైస్ చుక్కలు మాత్రం పొరను సాగదీసినప్పుడు స్పష్టంగా తేలి, వదిలితే మసకబారతాయి.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. గుట్కా, ఖైనీ, జర్దా అలవాటు ఉన్నవారు బుగ్గలో తెల్లని మచ్చ కనిపిస్తే, దాన్ని ఫోర్డైస్ అనుకొని ఊరుకోకూడదు. గీకినా పోని తెల్ల మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, రక్తం రావడం, గట్టి గడ్డ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. జననాంగాల మీద కొత్తగా ఏది కనిపించినా ఒకసారి చూపించుకోవడమే సరైనది.

చికిత్స అవసరం లేదు. చూపుకు బాగాలేదని మనసు బాధపడేవారికి కార్బన్ డయాక్సైడ్ లేజర్, విద్యుత్తుతో కాల్చడం, పంచ్ అనే సన్నని గుండ్రటి కత్తి పరికరంతో గ్రంథిని తీసివేయడం వంటి పద్ధతులు ఉన్నాయి. వాటిలో మచ్చ మిగిలే అవకాశం ఉంది, చుక్కలు తిరిగి కనిపించవచ్చు కూడా. పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి నేనైతే సలహా ఇవ్వను.

దసరా సెలవులకు మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. అప్పటికే చర్మవైద్యుడికి చూపించుకొని, ఆయన కూడా ఇదే మాట చెప్పారని అన్నాడు. అయినా ఒకసారి నావి చూడాలన్నాడు. తూర్పు కిటికీ దగ్గర నిలబడి పై పెదవిని సాగదీసి చూపించాను. దగ్గరికి వచ్చి, వేలు గాలిలో ఆడిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై దాటాక ఆపేసి, టిఫిన్ తినడానికి వంటింట్లోకి వెళ్లిపోయాడు.