సి35 ఈఏడీ: ఫారం తేలికే, ఉత్తరమే చంపేసింది

అమెరికాలో పనిచేయడానికిచ్చే సి35 ఈఏడీ (వర్క్ పర్మిట్) కార్డు మొన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుంది గానీ ఎవరికీ పనికిరాదు.

సి35 సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఐ-140 (మామూలుగా కంపెనీ మన కోసం వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి, గ్రీన్ కార్డు తేదీ రాక ఏళ్లకేళ్లు లైన్లో ఉన్న హెచ్1బీ లాంటి వీసాల వాళ్లకి గట్టి కష్టం వచ్చిపడితే, ఏడాదికి ఇచ్చే వర్క్ పర్మిట్ ఇది. 2017 జనవరి నుంచి ఉంది. ఎలాంటి కష్టాలు లెక్కలోకి వస్తాయో అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ 2023 జూన్‌లో ఇంకాస్త విడమరిచి చెప్పింది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం రెండే మాటలు: "అది ఎవరికీ ఇవ్వరు", "లేఆఫ్ లెటర్ పెడితే ఇచ్చేస్తారు". రెండూ తప్పే.

ఐ-140 ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డు కేటగిరీలైన ఈబీ1, ఈబీ2, ఈబీ3ల్లో ఏదో ఒకదాంట్లో అప్రూవ్ అయ్యుండాలి. అప్లై చేసే రోజుకి హెచ్1బీ, ఎల్1, ఓ1, ఈ3 లాంటి స్టేటస్‌లో గానీ, ఉద్యోగం పోయాక ఇచ్చే గ్రేస్ గడువులో గానీ ఉండాలి. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో ఫైనల్ యాక్షన్ తేదీ (గ్రీన్ కార్డు ఇవ్వగలిగే తేదీ) మీ దాకా వచ్చి ఉండకూడదు, ఐ-485 (అమెరికాలోనే వేసే ఆఖరి గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసి ఉండకూడదు. గ్రేస్ 60 రోజులు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకుముందే అయిపోతే అక్కడికే సరి. మీరు పోస్టు చేసిన తేదీ కాదు, కవరు వాళ్లకి అందిన తేదీయే లెక్క.

వర్క్ పర్మిట్ దరఖాస్తు ఫారం ఐ-765 ఒక సాయంత్రం పని. 27వ ప్రశ్నలో సి35, 31లో ఐ-140 రసీదు నంబరు, దాని కిందే అరెస్టుల ప్రశ్న. ఎప్పుడో జరిగి కొట్టేసిన కేసైనా అక్కడ చెప్పాల్సిందే. ఒక ఫెలనీలో (పెద్ద నేరం) గానీ, రెండు మిస్‌డిమీనర్లలో (చిన్న నేరాలు) గానీ దోషిగా తేలి ఉంటే ఇక ఈ దారి లేదు. అన్ని పేజీల కింద ఒకే ఎడిషన్ తేదీ ఉండాలి, సంతకం పెన్నుతోనే పెట్టాలి. కాగితం మీద వేస్తే ఫీజు 520 డాలర్లు, పంపేముందు మరోసారి చూసుకోండి. 2025 అక్టోబర్ 28 తర్వాత చెక్కులు తీసుకోవట్లేదు, క్రెడిట్ లేదా డెబిట్ కార్డుకైతే జి-1450 ఫారం, బ్యాంకు ఖాతాకైతే జి-1650 ఫారం జత చేయాలి. వేలిముద్రలు పావుగంట పని.

ఐ-140 కాపీ అడిగితే మా హెచ్‌ఆర్ "అది కంపెనీ ఆస్తి" అంది. బతిమాలకండి. సమాచార హక్కు లాంటిదే ఇక్కడ ఎఫ్‌ఓఐఏ ఉంది, ఆన్‌లైన్‌లో అడగొచ్చు. కాకపోతే టైము పడుతుంది కాబట్టి ఉద్యోగం ఉండగానే అడిగిపెట్టుకోండి. అప్రూవ్ అయి 180 రోజులు దాటాక కంపెనీ ఐ-140 వెనక్కి తీసుకున్నా అది రద్దవదు. అంతకుముందే తీసుకుంటే ప్రయారిటీ తేదీ (గ్రీన్ కార్డు లైన్లో మీ చోటు) మిగులుతుంది గానీ సి35 పోతుంది.

ఇక అసలు నరకం, కష్టాన్ని రుజువు చేయడం. ఉద్యోగం పోవడం ఒక్కటే చాలదు. మా కేసులో లేఆఫ్‌తో పాటు చిన్నవాడి కిడ్నీ వైద్యం ఉంది. లాయర్ గారు పంపిన డ్రాఫ్ట్ నిండా "తీవ్రమైన మానసిక క్షోభ" లాంటి విశేషణాలే, ఒక్క కాగితం జత లేదు. దానికి తీసుకున్న ఫీజు చెప్తే నవ్వుతారు.

ఆసుపత్రి ఫ్రంట్ డెస్క్ ఇచ్చింది ఒక్క లైను: "ఈ పేషెంట్ మా దగ్గర చూపించుకుంటున్నాడు." ఇంకాస్త వివరంగా కావాలంటే "ఇమ్మిగ్రేషన్ లెటర్లు రాయం" అని, పదిమందిలో దొంగని చూసినట్టు చూశారు. వాళ్ల దగ్గర ఇమ్మిగ్రేషన్ అనే మాటే ఎత్తకండి. పేషెంట్ పోర్టల్‌లో నేరుగా డాక్టరుకి రాయండి: జబ్బు పేరు, ఎప్పుడు మొదలైంది, ఇప్పటి మందులు, ఎన్నాళ్లకోసారి రావాలి, వచ్చే 12 నెలల ప్లాన్, మధ్యలో ఆపితే ఏమవుతుంది. ఈ ఆరూ ఉన్న లెటరే లెటరు.

ఆ తర్వాత ఇన్సూరెన్స్. ఉద్యోగం పోయాక కోబ్రా అనే చట్టం కింద పాత ప్లాన్‌నే మామూలుగా 18 నెలల దాకా ఉంచుకోవచ్చు, కానీ మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా మనమే కట్టాలి. ఎంచుకోవడానికి 60 రోజులు ఇస్తారు. ఆ నోటీసూ, నెల ప్రీమియమూ, బ్యాంకు స్టేట్‌మెంటూ పక్కపక్కన పెట్టండి. జబ్బు గురించి ఒక పేరా, ఉద్యోగం గురించి ఒక పేరా విడివిడిగా రాస్తే రెండూ తేలిపోతాయి. జీతం లేక ప్రీమియం కట్టలేం, ప్రీమియం కట్టకపోతే వైద్యం ఆగుతుంది అన్నది కాగితాల్లోనే కనపడాలి. ఇంటి లోను స్టేట్‌మెంటు గానీ లీజు గానీ, పిల్లల స్కూలు రికార్డు కూడా పనికొస్తాయి.

"ఇండియాలో వైద్యం లేదా?" అని ఆఫీసరు అడుగుతాడు, అడగాల్సిందే కూడా. లేదని మాత్రం రాయకండి, హైదరాబాద్‌లో ఎలాంటి ఆసుపత్రులున్నాయో వాళ్లకీ తెలుసు. ముందునుంచీ ఉన్న జబ్బుకి అక్కడి హెల్త్ పాలసీలు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అక్కడి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నాలుగేళ్ల నుంచి తగ్గించాకే అది మూడేళ్లయింది. పాలసీ నిబంధనల ఆ పేజీ ప్రింట్ తీసి జత చేశాను. ఈ ఆలోచన నాదే, లాయర్ గారు తర్వాత ఇంకో క్లయింటుకి వాడుకున్నారని విన్నాను.

ఇంటి గుట్టు బయటపెట్టకూడదని పెరిగినవాళ్లం. ఇక్కడ ఎంత బయటపెడితే అన్ని మార్కులు. పిల్లాడి రిపోర్టులకి ఎగ్జిబిట్ నంబర్లు వేయడం ఏ లాయరూ నేర్పడు. ఈ అవమానం తప్పించుకోవడానికి "లెటర్ తయారు చేసిస్తాం" అనేవాళ్లు కూడా దొరుకుతారు. వాళ్ల జోలికి పోయారంటే, తప్పుడు పత్రం దొరికాక జీవితాంతం అమెరికా తలుపు మూసుకోవచ్చు. అలాంటి అన్నయ్యలు ఆ రోజు ఫోనెత్తరు.

ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు) వస్తే అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. సగం పంపి "మిగతావి తర్వాత" అంటే, ఆ సగంతోనే తేల్చేస్తారు.

వేసేముందు ఇది చదవండి. ఈ కార్డు మీద పనిచేయడం మొదలుపెడితే హెచ్1బీ స్టేటస్ ఉండదు. ఇక్కడ ఉండటానికి అనుమతి మాత్రమే ఉంటుంది, అక్రమ నివాసం లెక్క పడదు, అంతే. దేశం దాటితే దీంతో తిరిగి రాలేరు. గ్రీన్ కార్డు తేదీ వచ్చినా ఇక్కడ ఐ-485 కుదరక, కాన్సులేట్ ద్వారా వెళ్లాల్సి రావచ్చు. మళ్లీ హెచ్1బీ కావాలంటే బయటికెళ్లి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో స్లాట్ పట్టుకుని రావాలి. అలా బయటినుంచి వచ్చేవాళ్ల కొత్త పిటిషన్ల మీద 2025 సెప్టెంబర్ 21 నుంచి లక్ష డాలర్ల చెల్లింపు కూడా పెట్టారు. అందుకే 60 రోజుల్లో ఇంకో హెచ్1బీ ట్రాన్స్‌ఫర్ దొరికే ఆశ ఏమాత్రం ఉన్నా ముందు అటే పరిగెత్తండి.

మీ హెచ్1బీ పోతే భార్య లేదా భర్తకి మీ మీద వచ్చిన హెచ్4 స్టేటస్, దాని మీది ఈఏడీ కూడా పోతాయి. వాళ్లకీ పిల్లలకీ సి36 (కుటుంబ సభ్యులకిచ్చే ఇలాంటి వర్క్ పర్మిట్) వేయాలి, కలిపి వేయొచ్చు. పెళ్లి గుళ్లో చేసుకుని రిజిస్టర్ చేయించనివాళ్లు ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ అమ్మానాన్నలని తిప్పుతారు. తెలుగులో ఉన్న పంచాయతీ బర్త్ సర్టిఫికెట్‌కి ఇంగ్లీషు అనువాదం జత చేయాలి. రెండు భాషలూ వచ్చిన స్నేహితుడు ధృవీకరించి సంతకం పెడితే చాలు, నోటరీకి డబ్బు తగలేయకండి.

మెయిల్‌బాక్స్ మీద పేరు రాయండి. ఇల్లు మారితే 10 రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 వేయండి, పోస్టాఫీసు ఫార్వర్డింగ్‌ని నమ్ముకుంటే కార్డు వెనక్కి పోతుంది. రెన్యువల్‌కి కష్టం ఇంకా ఉందని మళ్లీ చూపించాలి, లేదా మీ ప్రయారిటీ తేదీకీ ఫైనల్ యాక్షన్ తేదీకీ మధ్య ఏడాదో, అంతకు తక్కువో తేడా ఉండాలి. దీనికి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువుకి 180 రోజుల ముందు నుంచి వేయొచ్చు కాబట్టి, డాక్టరు అపాయింట్‌మెంట్‌కి వెళ్లిన ప్రతిసారీ విజిట్ సమ్మరీ ప్రింట్ తీసి ఫైల్లో పడేస్తున్నాను.