ముత్తుకూరు పట్టా పుచ్చుకున్నవాళ్లం ఇప్పుడెక్కడున్నాం?

నెల్లూరు దగ్గరి ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో 2005లో చేరి, 2009లో బి.ఎఫ్.ఎస్‌సి. పట్టాలతో బయటికి వచ్చిన మా బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో ఒకచోట రాసిపెట్టే పని నాకు అప్పగించారు. అందుకు నాకున్న అర్హతల్లా నెల్లూరులోనే ఉండిపోవడం. కళాశాలలో జరగబోయే పూర్వ విద్యార్థుల సమావేశానికి చిన్న పుస్తకంలా వేద్దామని అడిగితే, చాలామంది హోదా, సంస్థ, ఊరు, పిల్లలెందరు అన్నంతవరకే రాసి పంపారు. ఆ వివరాలను ఏళ్లవారీగా పేర్చుతూ పోతుంటే నాకు ఒక సంగతి తట్టింది. మాలో ఎవరు ఏ ఏడు ఉద్యోగం మారారో, ఎవరు ఏ ఏడు దేశం విడిచారో, ఎవరు ఏ ఏడు తిరిగి వచ్చారో చూస్తే, అది దాదాపుగా ఈ కోస్తాలో రొయ్య సాగు ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడిందో చెప్పే చరిత్రే. మా ఇష్టాయిష్టాలు, మా మార్కులు, మా తల్లిదండ్రుల కోరికలు ఇవన్నీ ఉన్నాయి గానీ, వాటన్నింటికంటే రొయ్యే మా బతుకులను ఎక్కువగా తిప్పింది.

మొదటినుంచీ చెబుతాను. మా కళాశాల వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద 1991లో మొదలైంది. అప్పటికి నెల్లూరు, ప్రకాశం తీరమంతా టైగర్ రొయ్య మోజులో ఉంది. వరి పండే భూములు కూడా రొయ్యల గుంటలైపోయిన కాలమది. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలనే ఊడ్చిపెట్టింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తరువాత ఎంతోమంది రైతులు మళ్లీ కోలుకోలేదు. మేము చేరిన 2005లోనే తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడి మా కళాశాల దాని కిందికి వచ్చింది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చిందీ అదే ఏడు. అంటే మా చదువుకు విశ్వవిద్యాలయమూ, మా వృత్తికి చట్టమూ ఒకేసారి కొత్తవి. కృష్ణపట్నం దారిలో అటూ ఇటూ గట్లు తెగి, తుమ్మ మొలిచి, ఎండిపోయిన గుంటలు మాత్రం పాతవే. ఎంసెట్‌లో వెటర్నరీకి ర్యాంకు చాలక ఇటు వచ్చినవాళ్లమే ఎక్కువమందిమి. "చేపల చదువుకు నాలుగేళ్లా?" అని బంధువులు అడిగితే చెప్పడానికి మా దగ్గర గట్టి జవాబు కూడా ఉండేది కాదు.

సరిగ్గా మేము పట్టా చేతబట్టుకున్న 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చింది. పసిఫిక్ మహాసముద్రపు ఆవలి తీరానికి చెందిన ఈ రొయ్య తల్లులను, వ్యాధులు లేనివిగా పెంచినవాటిని, విమానంలో తెప్పించి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించిన తరువాతే హేచరీలకు, అంటే రొయ్యపిల్లలను పుట్టించి పెంచే కేంద్రాలకు, ఇవ్వాలని నిబంధన పెట్టారు. గుంటలో చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వదలకూడదని కూడా చెప్పారు. ఇంత లెక్క, ఇంత పరీక్ష కావలసిన పంటకు చదువుకున్న కుర్రవాళ్లు అవసరమయ్యారు. మాకు ఒక ఏడు ముందు బయటికి వచ్చిన సీనియర్లు ఉద్యోగాల కోసం తిరిగితే, మాకు పరీక్షల ఫలితాలు రాకముందే పిలుపులు వచ్చాయి. ఇందులో మా ప్రతిభ ఏమీ లేదని ఇప్పటికీ ఒప్పుకోని మిత్రులు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లకు నా నమస్కారం.

కందుకూరు నుంచి వచ్చిన మిత్రుడి కథ కొంచెం వివరంగా రాయాలి. ఎందుకంటే అతను పుస్తకానికి ఏమీ పంపలేదు. ఫోను చేస్తే, "రాసేదానికి ఏముందబ్బా, గుంటల కాడ ఉండా అని రాసుకో" అన్నాడు. అతను మొదట ఉలవపాడు తీరంలోని ఒక హేచరీలో చేరాడు. గుడ్డు నుంచి వచ్చిన నాప్లి జోయియా అయ్యి, మైసిస్ అయ్యి, ఇలా దశలు దాటి గుంటకు పంపదగిన పిల్ల అయ్యేదాకా సుమారు మూడు వారాలు పగలూ రాత్రీ తేడా లేకుండా గంటల లెక్కన మేత వేయాలి. నీటి వేడి, ఉప్పదనం కనిపెట్టి చూడాలి. ఒక్క రాత్రి గాలి పంపు ఆగితే ట్యాంకంతా పోతుంది. అలా కొన్నేళ్లు చేసి, మేనేజరై, అక్కడి నుంచి సౌదీ అరేబియాలోని ఒక పెద్ద రొయ్యల ఫారానికి వెళ్లాడు. కూడబెట్టుకున్న డబ్బుతో తిరిగి వచ్చి, కొత్తపట్నం వైపు కొన్ని ఎకరాల గుంటలు లీజుకు తీసుకున్నాడు. మొదటి రెండు పంటలు బాగా పండాయి, ఒంగోలులో ఇల్లు కొన్నాడు. ఆ పైన ఇ.హెచ్.పి. అనే రోగం వచ్చింది. తెల్లమచ్చ వస్తే రొయ్య చచ్చి గట్టు మీదికి వస్తుంది, రైతుకు ఆ రోజే తెలిసిపోతుంది. ఇ.హెచ్.పి. అలా కాదు. రొయ్య చావదు, మేత తింటుంది, కానీ ఎదగదు. కాలేయంలో చేరిన ఆ సూక్ష్మజీవి తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఖర్చులో సగానికి పైగా మేతదే అయిన పంటలో, వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) దగ్గరే ఆగిపోయిన రొయ్యలకు రోజూ మేత పోస్తూ ఉండడమంటే ఏమిటో లెక్కలు చదివినవాడికి చెప్పనక్కరలేదు. అతని బాధంతా అక్కడే ఉంది. "తెలియనోడు నష్టపోతే వేరు, సిలబస్‌లో చదివినోణ్ణి నేను" అన్నాడు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కొనేవాళ్లు లేక, ప్రాసెసింగ్ ప్లాంట్లలో పనివాళ్లు లేక, ఎదగని కౌంట్‌లోనే పట్టుబడి చేసుకున్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని రెండు విడతలుగా 50 శాతానికి పెంచినప్పుడు గుంటలో పంట సగంలో ఉంది. కొత్తపట్నంలో గట్టు మీద నిలబడిన మనిషి బతుకు ఎక్కడో వాషింగ్టన్‌లో చేసే సంతకంతో మారిపోతుందని మాకు ఏ ఆర్థికశాస్త్ర పాఠంలోనూ చెప్పలేదు. ఇంత జరిగినా అతను సాగు మానలేదు, పిల్లల సాంద్రత తగ్గించుకున్నాడు. ఒక గుంటను ప్రతి పంటకూ ఖాళీగా ఉంచి ఎండగడుతున్నాడు. ఇది అతను సొంతంగా కనుక్కున్నది కాదు, మాకు మూడో సంవత్సరంలో చెప్పినదే. కానీ లీజు గుంటను ఖాళీగా ఉంచడానికి ఎంత గుండె కావాలో మాత్రం పాఠంలో లేదు. నా పుస్తకంలో అతనికి అందరికంటే ఎక్కువ పుటలు ఇస్తున్నాను.

మేత కంపెనీల్లో సాంకేతిక ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో మోటారుసైకిలు మీద పరీక్ష కిట్టు పెట్టుకుని తెల్లవారుజామున తిరుగుతూ కనిపించేది వీళ్లే. రాత్రంతా నీటిలోని పాచి కూడా ప్రాణవాయువును వాడుకోవడం వల్ల తెల్లవారకముందే గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది, కాబట్టి చూడవలసిన వేళ అదే. వీళ్ల ఉద్యోగంలో ఒక చిక్కుంది. జీతం ఇచ్చేది మేత అమ్మే కంపెనీ, రైతుకు ఇవ్వవలసిన మంచి సలహా చాలాసార్లు మేత తగ్గించమని. మా వాళ్లలో ఒకడు చెక్ ట్రే ఎత్తి చూసి, మేత మిగిలి ఉంటే ఆ పూట వేయవద్దని రైతుకు చెప్పేసి వస్తాడు. నెలాఖరు అమ్మకాల లెక్కల్లో పైవాళ్ల చేత మాట పడతాడు. అయినా అతని మండలంలో రైతులు ఏ మందు వాడాలన్నా అతనికే ఫోను చేస్తారు. రైతులకు సలహాలిచ్చే ప్రభుత్వ విస్తరణ సేవ చేయవలసిన పనిలో పెద్ద భాగం ఇలాంటివాళ్లు చేస్తున్నారన్నది నా అభిప్రాయం. దీనితో మత్స్యశాఖలోని మిత్రులు ఏకీభవించరని కూడా నాకు తెలుసు.

శాఖలో ఉన్నవాళ్ల సంగతి త్వరగా చెబుతాను, వాళ్ల వివరాలు అందరికీ తెలిసినవే. కొందరు మత్స్య అభివృద్ధి అధికారులయ్యారు. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ మత్స్య సహాయకులుగా మా జూనియర్లు చాలామంది చేరారు. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పరీక్షకు మా పట్టా కూడా చెల్లుతుంది కాబట్టి అటు వెళ్లినవాళ్లూ ఉన్నారు. రొయ్యకు అప్పు ఇవ్వడానికి బ్యాంకులు ఎందుకు వెనకాడతాయో ఇప్పుడు బల్లకు అటువైపు కూర్చుని వాళ్లే మాకు వివరిస్తున్నారు. ఇద్దరు సాఫ్ట్‌వేర్‌కు వెళ్లారు, సుఖంగా ఉన్నారు.

మా తరగతి అమ్మాయిల గురించి రాయవలసినది ఇంకా ఉంది. వనామీ ఉద్యోగాలు వెల్లువలా వచ్చిన ఆ రోజుల్లో వాటిలో దాదాపు ఒక్కటీ వాళ్లకు రాలేదు. రాత్రి పని, ఊరికి దూరంగా సముద్రం ఒడ్డున బస అని కారణాలు చెప్పి, హేచరీలు ఆడపిల్లల దరఖాస్తులను తీసుకోనే లేదు. మార్కుల్లో మాకంటే ముందున్నవాళ్లు అలా పై చదువులకు వెళ్లవలసి వచ్చింది. కొందరు ముంబయి వెర్సోవాలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థలో, కొందరు మంగళూరులో ఎం.ఎఫ్.ఎస్‌సి. చేశారు. అందులో ఒకరు శాస్త్రవేత్త, ఇద్దరు అధ్యాపకులు. దారి మూసేస్తే వేరే దారిన పైకి వెళ్లారు కదా, మంచిదే జరిగిందని మా మగవాళ్లు కొందరు అంటుంటారు. ఆ మాట నాకు రుచించదు. మూసిన తలుపు మూసినట్టే ఉంది, ఇప్పటి జూనియర్ అమ్మాయిలను అడిగినా అదే చెబుతున్నారు.

వాళ్లలో ఒకామె నెల్లూరులోనే సొంతంగా పీసీఆర్ పరీక్షల ల్యాబు నడుపుతోంది. పొద్దున్నే రైతులు, హేచరీవాళ్లు ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రొయ్యపిల్లలతో వస్తారు. తెల్లమచ్చ, ఇ.హెచ్.పి. ఉన్నాయో లేవో మధ్యాహ్నానికి చెప్పాలి. ఆమె ఇచ్చే ఒక్క కాగితం మీద లక్షల పిల్లలు గుంటలోకి వెళ్లడమో పారబోయడమో ఆధారపడి ఉంటుంది. మొదట్లో ఒక హేచరీ నుంచి వచ్చిన పెద్దమనిషి, "అమ్మాయ్, మన సరుకే కదా, నెగెటివ్ అని రాసెయ్యి" అన్నాడట. రాయలేదు. ఆ హేచరీ మళ్లీ రాలేదు కానీ, ఆ సంగతి తెలిసిన రైతులు వచ్చారు. ఇప్పుడు ల్యాబులో పనిచేసే నలుగురూ మా కళాశాల అమ్మాయిలే. హోదా గడిలో ఏమి రాయమంటావని అడిగితే "యజమానురాలు అని రాయి, డాక్టరని రాయకు, చుట్టాలు బీపీ చూడమంటారు" అంది.

ఇంటి సంగతులు అందరివీ ఇంచుమించు ఒకటే. గుంటల మీద ఆధారపడినవాళ్ల కుటుంబాలు పిల్లల చదువు కోసం నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటాయి, మనిషి మాత్రం షెడ్డులో జనరేటరు పక్కన పడుకుంటాడు. వారానికోసారి ఇంటికి వచ్చే తండ్రులు మాలో చాలామంది. తమ పిల్లలను ఈ చదువులో చేర్చుతారా అని నేను అడిగిన ప్రశ్నకు అధికారులు చేర్చుతామన్నారు. గుంటల దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. కందుకూరు మిత్రుడు మాత్రం కూతురు ఇప్పటికే చెక్ ట్రే చూడడం నేర్చుకుందని, దాని ఇష్టమని అన్నాడు.

ఇక సమావేశం తేదీ. సెలవుల్లో, మే నెలలో పెడదామని ఉద్యోగులందరూ పట్టుబట్టారు. ఫిబ్రవరి, మార్చిలో వదిలిన పిల్లలు పట్టుబడికి వచ్చే వేళ అదే కాబట్టి గుంటలవాళ్లు ఒక్కరూ రాలేరు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం అమలులో ఉంటుంది గనుక శాఖలోని మిత్రులకూ తీరిక ఉండదు. అందుకని సంక్రాంతి తరువాతి ఆదివారం అని నేనే ఖాయం చేశాను. చలికి సాగు తగ్గి గుంటలు ఎండుతుంటాయి, విదేశాల్లో ఉన్నవాళ్లూ పండుగకు వస్తారు. వివరాలు పంపనివాళ్లు డిసెంబరు లోపల పంపండి. హోదాతో పాటు, పోయిన పంటల సంగతి కూడా రాయండి. జూనియర్లు ముందుగా చదివేది అదే.