బౌలింగ్ గ్రీన్ లో మా నాన్న, మా బావ, ఒక పుష్‌రాడ్ ఇంజన్

పోయిన ఎండాకాలం నాన్న సిన్సినాటి వచ్చినప్పుడు నయాగరా చూపించాం, "నీళ్ళే కదరా" అన్నాడు. 30 ఏళ్ళు విజయవాడ ఆటోనగర్ లో లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, ఇంట్లో వారం కూర్చునేసరికి పిచ్చెక్కిపోయి ఏదన్నా షెడ్డుకి తీసుకెళ్ళమని గొడవ. అప్పుడు మా బావే అన్నాడు, కెంటకీలో బౌలింగ్ గ్రీన్ అని ఉంది, షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కార్లు, కార్వెట్లు తయారయ్యే ఊరు, ఫ్యాక్టరీ పక్కనే మ్యూజియం ఉంది పోదాం అని. బావ ఫోర్డు మనిషి, అయినా తనే అన్నాడంటే నాతో వాదన పెట్టుకోడానికే అని నాకు అప్పుడే అర్థమైంది.

శనివారం పొద్దున్నే బావ మస్టాంగ్ జీటీలో బయల్దేరాం. నాన్న ముందు సీట్లో, నేను వెనకాల మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఒళ్ళో పులిహోర డబ్బాతో. ఐ-71 హైవే ఎక్కామో లేదో బావ మొదలెట్టాడు. కార్వెట్ లో లాగా కామ్ షాఫ్ట్ ని (వాల్వులు తెరిపించే ఇరుసు) బ్లాక్ మధ్యలో పెట్టి అక్కణ్ణుంచి పుష్‌రాడ్ లనే పొడుగు కడ్డీలతో వాల్వులు తోయించడం తాతల నాటి పద్ధతి అంట, తన మస్టాంగ్ కొయోటీ ఇంజన్ లో నాలుగు కామ్ లు, 32 వాల్వులు, 5 లీటర్లకే 460 హార్స్ పవర్, అదే కార్వెట్ స్టింగ్‌రే 6.2 లీటర్లు పెట్టుకుని 490. "లీటరుకి లెక్కెయ్ బామ్మర్దీ, మాది 92, మీది 79, ఇంకేం మాట్లాడతావ్." నాకున్నది పాత హోండా, అయినా ఆ "మీది" అన్నందుకు రోషం వచ్చేసింది. లీటరు లెక్క ఇక్కడ ఎవడిక్కావాలి బావా, ఇండియాలో అయితే 1200 సీసీ లోపు చిన్న పెట్రోల్ కారుకి టాక్సు తగ్గుద్ది కాబట్టి ఇంజన్ చిన్నదా పెద్దదా అని చూస్తాం, ఇక్కడ ఆ గొడవే లేదు, లీటర్లు ఫ్రీ! కావాల్సింది ఇంజన్ ఎంత బరువు, ఎంత చోటు తింటది, నిదానంగా తిరిగేటప్పుడే ఎంత లాగుద్ది అని నేను. లూయివిల్ దాటేదాకా ఇదే, నాన్న మాత్రం మొక్కజొన్న చేలు చూసుకుంటా కూర్చున్నాడు. దార్లో టైమ్ జోన్ మారి గంట కలిసొచ్చింది, అది తప్ప చెప్పుకోడానికేం లేదు.

మ్యూజియంలో అందరూ ముందు వెళ్ళేది గుంత పడిన చోటికి. 2014 ఫిబ్రవరి 12న తెల్లారుజామున స్కైడోమ్ అనే హాల్లో నేల కుంగి ఎనిమిది కార్వెట్లు లోపలికి పోయాయి. ఆ చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల, కింద నీళ్ళు రాయిని తినేస్తా ఉంటాయి, దగ్గర్లోనే ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగైన గుహ మామత్ కేవ్ ఉంది. మూడు కార్లని మళ్ళీ బాగుచేశారు, నుజ్జయినవాటిని అలాగే చూపించారు. నాన్న ఒకదాని దగ్గర వంగి చూసి "ఛాసిస్ పోయింది, ఇంజన్ ఉంది" అని తేల్చేశాడు.

1953 కార్వెట్ దగ్గర ఆయన మొహం వెలిగింది. ఆ ఏడాది 300 మాత్రమే చేశారు, లోపల వరసగా ఆరు సిలిండర్లు, 150 హార్స్ పవర్, వాల్వులు తోసేది కడ్డీలే. "ఇది మా లారీ వరసే కదా" అన్నాడు. వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్) వచ్చింది 1955లో అని చెప్తే, సగానికి కోసిపెట్టిన వీ8 ఎక్కడుందో ఆయనే వెతుక్కుని వెళ్ళి దాని ముందు పావుగంట నుంచున్నాడు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) ఇస్తే ఇప్పుడే ట్యాపెట్ (వాల్వు సందు) పెట్టేస్తా అంటాడు, దీనికి అక్కర్లేదు నాన్నా ఆయిల్ ప్రెషర్ తో అదే సర్దుకుంటది అన్నా. తర్వాత జానతో గాల్లోనే కొలిచి బావ వైపు తిరిగి, "చూశారా అల్లుడుగారూ, తల మీద కామ్ లు లేవు కాబట్టి హెడ్ ఇంతే ఉంది, ఇంజన్ కిందకి కూర్చుంటది, కామ్ తిప్పే చైను చూడండి మూరెడు లేదు. మీది నాలుగు కామ్ లు అంటున్నారు, వాటన్నిటికీ చైను ఎంత పొడుగు కావాలి?" నేను లూయివిల్ దాకా గొంతు చించుకున్న ముక్క ఆయన జానతో చెప్పేశాడు.

బావ తక్కువోడు కాదు. అంత గొప్పదైతే 1990 కార్వెట్ జడ్ఆర్-1కి నాలుగు కామ్ ల ఎల్టీ5 ఇంజన్ లోటస్ కంపెనీతో ఎందుకు డిజైన్ చేయించుకున్నారు, ఓక్లహోమాలో పడవ ఇంజన్ల కంపెనీ మెర్క్యురీ మెరైన్ తో ఎందుకు కట్టించుకున్నారు అన్నాడు. నేను దాని కోసమే కాచుకుని ఉన్నా. అది 375 హార్స్ పవర్ తో మొదలై 1993కి 405 అయింది, 1995తో ఆపేశారు, 2002 కార్వెట్ జడ్06లో అదే 5.7 లీటర్ల పుష్‌రాడ్ ఇంజన్ అదే 405 ఇచ్చింది, ఒక్క కామ్ తో! రెండు నిమిషాలు బావ మాట్లాడలేదు, తర్వాత "మరి 2023 జడ్06?" అన్నాడు. దానికి నా దగ్గర నిజంగా జవాబు లేదు. 5.5 లీటర్లు, నాలుగు కామ్ లు, 670 హార్స్ పవర్, నిమిషానికి 8600 చుట్ల దాకా తిరుగుద్ది. నాన్నే ఒప్పుకున్నాడు, అంత స్పీడులో కడ్డీ, రాకర్ (వాల్వుని నొక్కే మీట) బరువుకి స్ప్రింగు ఆగదు, వాల్వు టైముకి మూసుకోదు, మా లారీలు 2500 తిరిగేవి కాబట్టి మాకా బాధ లేదు అని. ఎల్లకాలం ఒకే పద్ధతి అని షెవర్లే వాళ్ళే అనుకోలేదు, మధ్యలో మేమెందుకు కొట్టుకుంటున్నామో.

తిరుగు దార్లో పెట్రోల్ బంకు దగ్గర నాన్న బానెట్ ఎత్తించాడు. కొయోటీ ఆ చివర్నుంచి ఈ చివరి దాకా నిండుగా కూర్చుని ఉంది. "చెయ్యి పెట్టే సందు లేదు అల్లుడుగారూ" అన్నాడు, బావ ఏం అనకుండా బానెట్ దించాడు. మళ్ళీ హైవే ఎక్కేటప్పుడు ర్యాంపు మీద సెకండ్ గేర్లోనే ఉంచి 7000 దాకా లాగాడు, ఆ మోతకి పులిహోర డబ్బా నా ఒళ్ళోంచి జారిపోయింది, నాన్న పైన హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత, "ముందర ఇంకో ర్యాంపు ఎక్కడొస్తది అల్లుడుగారూ?" అన్నాడు.