ఒకే లాప్‌టాప్‌లో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: నేను పాటించే వరస

విండోస్ పక్కన లినక్స్ పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ డిస్ట్రో (లినక్స్ రకం) మంచిదని. నేను వాళ్లను అడిగేది మాత్రం బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా అని. తమ కంప్యూటర్లో బిట్‌లాకర్ ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. మామూలుగా వాడుకుంటున్నంత కాలం దాని జాడ కనిపించదు. తాళంచెవి టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది, బూట్ అయ్యే (కంప్యూటర్ మొదలయ్యే) తీరు మారనంత వరకు ఆ చిప్ మనల్ని ఏమీ అడక్కుండానే డిస్క్ తెరుస్తుంది. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే రక్షణ) ఆపినప్పుడో, బూట్ వ్యవహారంలో ఇంకేదైనా మారినప్పుడో తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. అది మన దగ్గర లేకపోతే ఫైళ్లు ఇక చేతికి రావు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకున్నాకే మిగతా మాట.

నా లాప్‌టాప్‌లో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది. అందులో విండోస్‌కు 400 జీబీ, రెండు లినక్స్‌లలో ఉబుంటుకు 200, ఫెడోరాకు 150 ఇచ్చాను. మిగిలింది మూడింటికీ ఉమ్మడి డేటా పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం). ఆఫీసు పనికి కావలసిన ఒక సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. రోజువారీ పనంతా ఉబుంటు ఎల్‌టీఎస్‌లో చేసుకుంటాను. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, అయిదేళ్లు అప్‌డేట్లు వస్తాయి, మధ్యలో దాన్ని కదపనక్కరలేదు. కొత్తగా వచ్చినవన్నీ చూడాలన్న ఆశ తీర్చుకోవడానికి ఫెడోరా ఉంది. లినక్స్ ఎలా ఉంటుందో ఊరికే చూడాలనుకుంటే ఇంత పని అక్కర్లేదు, వర్చువల్ మెషిన్ (విండోస్ లోపలే ప్రోగ్రాంలా నడిచే ఇంకో సిస్టమ్) చాలు. కానీ గ్రాఫిక్స్ కార్డు, మెమరీ పూర్తిగా వాడుకుంటూ రోజంతా పని చేయాలంటే దానికంటూ సొంత చోటు ఇవ్వాల్సిందే అని నా అభిప్రాయం.

లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ పోతుందన్న భయం పాత రోజుల నుంచి వచ్చింది. అప్పట్లో ఆ భయానికి కారణం ఉంది. పాత బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మదర్‌బోర్డు ప్రోగ్రాం) కంప్యూటర్లలో డిస్క్ మొదటి సెక్టార్‌లో ఉన్నది మొత్తం 512 బైట్లు. అందులో బూట్ కోడ్‌కు 446 బైట్లు, పార్టిషన్ టేబుల్‌కు 64 బైట్లు. ఆ 446 బైట్ల చోటు ఒక్కరికే సరిపోతుంది. ఎవరు చివర ఇన్‌స్టాల్ అయితే వాళ్లు ముందున్నవాళ్లను తుడిచేసి కూర్చునేవాళ్లు. విండోస్ ముందు, లినక్స్ తర్వాత అన్న నియమం అక్కడి నుంచే పుట్టింది.

బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చాక ఆ కథ మారింది. ఇప్పుడు డిస్క్‌లో ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్ ఉంటుంది. దాన్ని ఉమ్మడి వాకిలి అనుకోండి: ఎవరి గదులు వాళ్లవే, బయటికి దారి మాత్రం అందరికీ ఒకటే. అందులో మైక్రోసాఫ్ట్, ఉబుంటు, ఫెడోరా పేర్లతో వేర్వేరు ఫోల్డర్లు ఉంటాయి, ఒకరి ఫైళ్ల జోలికి ఇంకొకరు పోరు. ఏ ఫోల్డర్‌లోని ఏ ఫైలుతో మొదలుపెట్టాలన్న జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక ఉబుంటు కనిపించకపోతే అది చెరిగిపోయిందని కంగారు పడనక్కరలేదు. చాలాసార్లు జాబితాలో విండోస్ పైకి వెళ్లి ఉంటుంది, అంతే. ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని ఆ యూఈఎఫ్‌ఐ ప్రోగ్రాం) సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఉబుంటును మళ్లీ పైకి జరిపితే వచ్చేస్తుంది.

అందుకే మొత్తం ఇన్‌స్టాలేషన్‌లో నేను ఊపిరి బిగపట్టి చూసే చోటు ఒక్కటే. పార్టిషన్లు మనమే ఎంచుకునే తెర వచ్చినప్పుడు, ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఎదురుగా ఫార్మాట్ టిక్ పడి ఉందా లేదా అని చూస్తాను. ఉండకూడదు. దాన్ని వాడుకోవాలి తప్ప ఫార్మాట్ చేయకూడదు. చేస్తే విండోస్ ఫైళ్లు డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి, దాన్ని లేపేవాళ్లే ఉండరు. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బాగు చేసుకోవచ్చు గానీ ఆ టెన్షన్ మనకెందుకు? విండోస్ తనంతట తాను చేసుకునే ఈఎఫ్‌ఐ పార్టిషన్ చాలాసార్లు 100 ఎంబీయే ఉంటుంది. ఉబుంటు, ఫెడోరా తమ కెర్నళ్లను (సిస్టమ్ మూల ప్రోగ్రాములను) అందులో పెట్టవు కాబట్టి ఆ చోటు సరిపోతుంది. పాప్ ఓఎస్ లాంటివి కెర్నళ్లను కూడా అక్కడే పెడతాయి, వాటికి పెద్దది కావాలి.

ఇక విండోస్ వైపు చేయాల్సిన పని. నిజానికి శ్రమంతా ఇక్కడే. మొదటిది ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు, కెర్నల్ స్థితిని డిస్క్‌లోకి రాసుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) పార్టిషన్‌ను లినక్స్ నుంచి తెరిస్తే చదవడానికి మాత్రమే ఇస్తుంది, లేదా అసలు తెరుచుకోదు. బలవంతంగా తెరిచి రాస్తే ఫైళ్లు పాడవుతాయి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో, పవర్ బటన్ ఏం చేయాలో చెప్పే చోట ఈ టిక్ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్‌లో దాన్ని తీసేస్తే బూట్ అయ్యే వేగంలో నాకైతే తేడా ఏమీ తెలియలేదు.

రెండోది చోటు చేయడం. సీ డ్రైవ్‌ను విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి, లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఆ పని అప్పగించకండి. తన పార్టిషన్ సంగతి విండోస్‌కే బాగా తెలుసు, బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నా కుదించగలదు. సగానికి పైగా ఖాళీ ఉన్నా కొంచెమే తగ్గిస్తానని అది మొండికేస్తే, మధ్యలో ఎక్కడో కదల్చలేని ఫైలు ఉందని అర్థం. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి, చాలావరకు ఒప్పుకుంటుంది. వచ్చిన ఖాళీని అలాగే వదిలేయండి, కొత్త డ్రైవ్‌గా ఫార్మాట్ చేయొద్దు. లినక్స్‌కు కావలసింది ఆ ఖాళీయే.

కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఇంత చేశాక ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. స్టోరేజ్ కంట్రోలర్ ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ మోడ్‌లో ఉండడం దానికి కారణం. ఎవరో చెప్పారని ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి నేరుగా ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చేస్తే విండోస్ బూట్ కాకుండా నీలం తెర వేస్తుంది. ముందు విండోస్‌లో సేఫ్ మోడ్‌కు బూట్ అయ్యేలా పెట్టుకుని, అప్పుడు మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి కావలసిన డ్రైవర్ అందుకున్నాక మామూలుగా బూట్ చేయాలి. ఇక్కడ వరస ముఖ్యం. ఇలా ఫర్మ్‌వేర్‌లో మార్పులు చేసే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచితే కీ అడిగే బాధ తప్పుతుంది.

లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసేటప్పుడు మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ అని రాసి ఉన్నదే ఎంచుకోండి. యూఈఎఫ్‌ఐ, పాత బయాస్‌లలో విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ ఇంకో పద్ధతిలో ఇన్‌స్టాల్ అయితే ఒకదాని మెనూ నుంచి మరొకదాన్ని పిలవడం కుదరదు. ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్‌లోనే (పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తున్న లినక్స్‌లో) కాసేపు తిరిగి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పని చేస్తున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. భాష, కీబోర్డు, పాస్‌వర్డ్, అయిపోతుంది.

రెండు లినక్స్‌లు ఉన్నప్పుడే అసలు ఆలోచించాల్సిన ప్రశ్న ఎదురవుతుంది: బూట్ మెనూ ఎవరిది? ఉబుంటు గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) మెనూలోనే అన్నీ కనిపించాలని చాలామంది కోరుకుంటారు. మిగతా సిస్టమ్‌లను వెతికి మెనూలో చేర్చేది ఓఎస్ ప్రోబర్ అనే ప్రోగ్రాం. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, భద్రతా కారణాల వల్ల, అది మొదట్లోనే ఆఫ్ అయి ఉంటుంది. గ్రబ్ సెట్టింగ్స్‌లో ఒక వరస చేర్చి ఆన్ చేసుకోవచ్చు. విండోస్ ఒక్కటే పక్కన ఉంటే అది చాలు. ఇంకో లినక్స్ ఉంటే మాత్రం చిక్కు. ఉబుంటు తన మెనూ తయారు చేసుకున్న రోజున ఫెడోరాలో ఏ కెర్నల్ ఉందో దాన్నే నమోదు చేసుకుంటుంది. ఫెడోరాకు కొత్త కెర్నళ్లు తరచుగా వస్తాయి, పాతవి తొలగిపోతాయి. ఉబుంటు మెనూకు ఆ కబురు అందదు. అందుకే నేను ఎవరి గ్రబ్ వాళ్లకే ఉంచాను. ఫర్మ్‌వేర్ జాబితాలో ఉబుంటు పైన ఉంటుంది, ఫెడోరా కావాలంటే ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఎంచుకుంటాను. ఒక కీ ఎక్కువ నొక్కాలి, కానీ ఎవరి అప్‌డేట్ వల్లా ఇంకొకరికి ఇబ్బంది రాదు.

సెక్యూర్ బూట్ ఆపేయమని ఇంకా సలహాలు వినిపిస్తుంటాయి. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ మూడూ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే నడుస్తాయి. మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాం ముందు నడిచి, అది గ్రబ్‌ను, గ్రబ్ కెర్నల్‌ను సరిచూస్తాయి. అందుకని నేను ఆన్‌లోనే ఉంచుతాను. ఒక్క సంగతి తెలిసి ఉండాలి: పాత షిమ్, గ్రబ్‌లలో లోపాలు బయటపడినప్పుడు వాటిని అడ్డుకునే జాబితా కూడా అప్‌డేట్ అవుతుంది. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్‌తో అలాంటి జాబితా వచ్చినప్పుడు పాత షిమ్ ఉన్న డ్యూయల్ బూట్ కంప్యూటర్లు చాలావాటిలో లినక్స్ బూట్ కాలేదు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, ఆ జాబితాను తీసేసి మళ్లీ ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. అరుదుగా తెరిచే సిస్టమ్‌ను కూడా అప్పుడప్పుడు తెరిచి అప్‌డేట్ చేయమని నేను పట్టుబట్టేది అందుకే.

గడియారం సంగతి చిన్నదే గానీ అందరినీ విసిగిస్తుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే టైమ్ కొన్ని గంటలు తప్పు చూపిస్తుంది. మదర్‌బోర్డులోని గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్ అనుకుంటుంది. లినక్స్‌నే మార్చమని చాలాచోట్ల రాస్తారు. నేను విండోస్ రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టి దాన్నే యూటీసీకి మార్చాను. మూడు సిస్టమ్‌లలో ఒక్కదాన్ని మారిస్తే సరిపోయేటప్పుడు రెండింటిని మార్చడం దేనికి?

ఉబుంటుకు, ఫెడోరాకు ఒకే హోమ్ పార్టిషన్ (మన ఫైళ్లు, సెట్టింగ్స్ ఉండేది) పెడితే చోటు కలిసొస్తుందని అనిపిస్తుంది. వద్దు. రెండింటిలో ప్రోగ్రాముల వెర్షన్లు వేరు, సెట్టింగ్స్ ఫైళ్లు మాత్రం ఒకటే అవుతాయి. కొత్త ఫైర్‌ఫాక్స్‌తో వాడిన ప్రొఫైల్‌ను పాత ఫైర్‌ఫాక్స్ తెరవనంటుంది. నేను ఫొటోలు, పాటలు, డాక్యుమెంట్లు మాత్రమే ఉమ్మడి పార్టిషన్‌లో ఉంచి, దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేశాను. 2021లో వచ్చిన కెర్నల్ 5.15 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చదవడానికీ రాయడానికీ కొత్త డ్రైవర్ లినక్స్‌లోనే ఉంది. ఎక్స్‌ఫ్యాట్ కూడా పనిచేస్తుంది గానీ అందులో జర్నలింగ్ (మార్పులను ముందే నమోదు చేసుకునే రక్షణ) లేదు, రాస్తుండగా కరెంటు పోతే నాకు ధైర్యం చాలదు. లినక్స్‌లో ఫైలు పేరులో కోలన్ పెట్టే అలవాటుంటే ఈ పార్టిషన్‌లో మానుకోవాలి, విండోస్ దాన్ని ఒప్పుకోదు.

తీసేయడానికీ ఒక వరస ఉంది. లినక్స్ వద్దనుకుని విండోస్‌లోంచి నేరుగా ఆ పార్టిషన్లు డిలీట్ చేస్తే, తర్వాతిసారి గ్రబ్ తన ఫైళ్ల కోసం వెతికి, దొరక్క నల్ల తెర మీద నిలబడిపోతుంది. ముందు ఫర్మ్‌వేర్‌లో విండోస్‌ను పైకి తెచ్చి, అది బూట్ అవుతోందని చూసుకుని, అప్పుడు పార్టిషన్ తీసేసి, ఆఖరున ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఆ ఫోల్డర్‌ను తీసేయాలి. నా ఫెడోరా ఉన్న 150 జీబీలో కొన్నాళ్లు డెబియన్ 13 వాడాలని ఉంది. ఉబుంటు ఎలాగూ పైనే ఉంది కాబట్టి ఫెడోరాను తీసే ముందు వరస మార్చే పని లేదు. ఫెడోరా పార్టిషన్లు తీసేసి ఆ ఖాళీ చూపిస్తే డెబియన్ కూర్చుంటుంది. దాన్ని పెట్టాక జాబితాలో డెబియన్ పైకి వస్తుంది, ఉబుంటును మళ్లీ మొదటికి జరపాలి.