సి-పెప్టైడ్ రెండుసార్లు ఎందుకు చేయించాల్సి వచ్చిందంటే

నాది టైప్ 1 షుగరా, టైప్ 2నా అన్నది తేల్చడానికి డాక్టరు గారు సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష రాశారు. నేరుగా ఇన్సులినే కొలవొచ్చుగా అంటే, నేను సూదిమందు వేసుకుంటున్నాను. లెక్కలో అదీ కలిసిపోవచ్చు. క్లోమం ఎన్ని ఇన్సులిన్ అణువులు వదిలితే అన్నే సి-పెప్టైడ్ అణువులు వదులుతుంది. సీసాలోని ఇన్సులిన్‌లో మాత్రం అది ఉండదు.

మొదట గాజువాకలో ఇంటి దగ్గరి కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చాను. మిల్లీలీటరుకి 0.4 నానోగ్రాములని వచ్చింది. 0.6 కంటే తక్కువంటే టైప్ 1 వైపే చూస్తారు. డాక్టరు గారు ఆ అంకె పక్కన పెట్టి, "ఆ పూట షుగరెంత?" అన్నారు. ల్యాబులో చేయించలేదు, ఇంటి మీటర్లో 312. షుగర్ అంత పెరిగితే క్లోమం డస్సిపోయి కొన్నాళ్లు తక్కువ వదులుతుంది. 70కి దిగువనున్నా ఊరుకుంటుంది. పక్కన షుగర్ లేని సి-పెప్టైడ్‌ని ఎటూ చదవలేం.

షుగర్ అదుపులోకొచ్చాక, మూడు వారాలకి, ఈసారి మహారాణిపేటలో, పరీక్ష చేసే మెషీన్ ఉన్న ల్యాబుకే వెళ్లాను. రక్తం తీసే అమ్మాయి ముందే అడిగింది: "జుట్టు మాత్రలేటైనా వాడుతున్నారా అండి?" వాడుతున్నాను, 10 మిల్లీగ్రాముల బయోటిన్. కొన్ని మెషీన్లలో అది సి-పెప్టైడ్‌ని తగ్గించి చూపిస్తుందట. మూడు రోజులు మానేసి రమ్మంది. మొదటి చోట ఈ మాటే ఎత్తలేదు!

మళ్లీ వెళ్లినప్పుడు పది గంటల పరగడుపు, కాఫీ కూడా లేదు. రాత్రి ఇన్సులిన్ మామూలే. పొద్దుటి డోసు, టిఫిన్ రక్తం ఇచ్చాకే (ఇది డాక్టర్ని అడిగే చేయాలి). ఒకే సూదితో రెండు ట్యూబులు: పసుపు మూతది సి-పెప్టైడ్‌కి, బూడిద రంగు మూతది షుగర్‌కి. బూడిద ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. లేకపోతే రక్తకణాలే గంటకి 5–7 శాతం షుగర్ తినేస్తాయి. పసుపుది అరగంట గడ్డకట్టనిచ్చి, మెషీన్‌లో గిర్రున తిప్పి, పైన తేలే సీరం అనే ద్రవాన్ని వేరుచేసి చల్లగా పెట్టారు. గాజువాక శాంపిల్ తిప్పకుండానే మిట్టమధ్యాహ్నం ఎండలో బైకు మీద వెళ్లింది. షుగరు, మాత్ర, ఎండ: ఏది ఎంత తగ్గించిందో ఇప్పుడు విడదీయలేం.

కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాను. కిడ్నీలు మందగిస్తే సి-పెప్టైడ్ బయటికి పోక, ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. నాది మామూలుగానే ఉంది.

సాయంత్రం రిపోర్టులో 0.63. మళ్లీ గుండె గుభేల్‌మంది. తీరా చూస్తే యూనిట్ లీటరుకి నానోమోల్. మూడుతో గుణిస్తే మిల్లీలీటరుకి 1.9 నానోగ్రాములు, అదే పూట షుగర్ 126. టైప్ 1లో సాధారణంగా కనిపించే గ్యాడ్ యాంటీబాడీలు నెగటివ్. టైప్ 2 అని రాశారు.